పోస్తే ఆడే మర

ఇటీవల మా ఊళ్లో ఒక పెద్దకర్మకు వెళ్లాను. పందిట్లో అడుగు పెట్టగానే ఎదురుగా నిలువెత్తు ఫ్లెక్సీ కనిపించింది. నడుమ పోయినవాని ఫొటో, దాని చుట్టూ దండ గుచ్చినట్లు మా ఊరుమ్మడి పిండిమర సంఘం సభ్యుల ఫొటోలు, అడుగున ఎర్రటి అక్షరాలలో ‘మర పరిరక్షణకై జీవితమును ధారపోసిన ధన్యజీవి’ అన్న వాక్యం. రెండుసార్లు చదివాను. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ ఫొటోలలో చేతులు జోడించి నిలబడిన ఐదుగురూ, ఫొటో ఇవ్వని నేనూ కలిసి, ఆయన కళ్లెదుటే ఆ మరకు తాళం పడేటట్టు చేసినవాళ్లం. ఆ సంగతి రాయడానికి ఫ్లెక్సీ మీద చోటు చాలలేదు కాబోలు.

విస్తళ్లు వేస్తుండగా సంఘం అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. వరసకు నాకు అన్న కొడుకు. శిథిలమైపోయిన పాత మరను తొలగించి, అదే స్థలంలో ఆ మహానుభావుడి పేర స్మారక భవనం కట్టిస్తామని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. అతను దిగివచ్చి నా పక్కన కూర్చుని, “బాబాయ్, తీర్మానం నువ్వే రాయాల. నీ రాతైతే ఆఫీసులో తిరుగుండదు” అన్నాడు.

మరను కూల్చి, మర నడిపినవాని పేర భవనమట! వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. పెద్దకర్మ నాడు అట్లా లేవకూడదని నాకూ తెలుసు.

మర సంఘానికి ముప్ఫై ఏళ్లకు పైగా నేను కార్యదర్శిని. అంతకుముందు మా నాన్నగారు. మినిట్సు పుస్తకాలన్నీ మా ఇంటి ట్రంకుపెట్టెలో వరసగా ఉన్నాయి. ఎవరు ఏ రోజున ఏమన్నదీ, ఏ బెల్టు ఎప్పుడు మార్చిందీ అందులో దొరుకుతుంది. పెద్దకర్మ నాటి సాయంత్రం అన్నీ తిరగేశాను. మరను నడిపిన మనిషి గురించి అందులో ఒక్క పేజీ లేదు. ఆ పేజీ ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఒకసారి సంఘం వాళ్లు మర గోడ మీద ఆయన పేరు రాయిస్తే, “ఊరి మర మీద ఒకడి పేరేంది?” అని మర్నాటికల్లా సున్నం పూసి చెరిపేశాడు. ఆ సున్నం మీద మళ్లీ పేరు రాసే అధికారం నాకు లేదు.

ఆయన కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. చెవుల మడతల్లో జొన్నపిండి, గోళ్ల సందుల్లో పసుపు. మిరపకాయలు ఆడే రోజున మర ముందు నుంచి పోయే కుక్కలు సైతం తుమ్ముతూ పోయేవి. ఆయన తుమ్మేవాడు కాదు. పెళ్లి పందిళ్లలో పన్నీరు చల్లితే మాత్రం వరసపెట్టి పది తుమ్ములు తుమ్మి, “ఈ కంపు మనకు పడదయ్యా” అని బయటికి నడిచేవాడు. పిండి దిగే గొట్టానికి కట్టిన గుడ్డసంచి కింద ఎడమచెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండిని ఒక్కసారి నలిపేవాడు. అంతే, రాళ్ల నడుమ ఎడం ఎంత ఉన్నదో, గింజ ఎంత ఎండినదో చెప్పేసేవాడు. “అక్కా, ఈ జొన్నలు ఇంకో పూట ఎండాల. పో, మళ్లీ తీసుకురా” అంటే ఎంతటివారైనా గంప ఎత్తుకుని పోవలసిందే.

ఇంజను హోరులో బతికిన మనిషి కాబట్టి గుసగుస అనేది ఆయన గొంతులో లేదు. ఒకావిడ తన కూతురికి చూసిన సంబంధం ఎట్లాంటిదో కనుక్కోమని రహస్యంగా చెప్పిందట. ఈయన నాలుగు రోజుల తర్వాత మర గుమ్మంలో నిలబడి, “వదినా! పిల్లోడు మంచోడేగానీ తాగుతాడంట!” అని చెప్పాడు. ఆ కబురు రెండు వీధుల అవతల పెళ్లికొడుకు మేనమామ ఇంటిదాకా వినిపించింది. సంబంధం తప్పిపోయింది. ఆవిడ వారం రోజులు తిట్టింది. ఏడాది తర్వాత ఆ పిల్లోడు వేరే చోట చేసిన నిర్వాకం తెలిశాక, కొత్త బియ్యంతో పరమాన్నం వండి తెచ్చి ఆయనకు పెట్టింది.

హోరులో మాట వినిపించదు కాబట్టి మరలో చేతి సైగలే భాష. రెండు వేళ్లు రుద్దితే సన్నంగానా, బరకగానా అన్న ప్రశ్న. పిడికిలి విప్పితే నీ వంతు, గింజలు పొయ్యి అని అర్థం. అరచెయ్యి బోర్లించి కిందికి దించితే ఆపేస్తున్నాను, ఇక చాలు అని. ఈ సైగలు ఆయన దగ్గరా, ఎదురుగా గుడ్డసంచి పట్టుకుని నిలబడే ఆయన భార్య దగ్గరా మొదలై ఊరి ఆడవాళ్లందరికీ అలవడ్డాయి. అత్తల ఎదుట కోడళ్లు ఆ సైగలతో ఎన్ని మాట్లాడుకున్నారో ఏ మినిట్సు పుస్తకంలోనూ లేదు.

మర పుట్టుక మాత్రం మా నాన్నగారి చేతిరాతలో స్పష్టంగా ఉన్నది. ఊరికి కరెంటు రాకముందు సంగతి. మాచర్ల వైపు నుంచి నాపరాళ్లు, పిడుగురాళ్ల బట్టీల సున్నం బండ్ల మీద వచ్చాయి. సున్నాన్ని గానుగలో తిప్పించి గోడలు లేపారు. జతెడ్లు ఉన్నవాళ్లు బండి కట్టారు, లేనివాళ్లు ఇంటికొక మనిషి చొప్పున రాయి మోశారు. రైల్లో నడికుడిలో దిగిన ఆయిలింజనును ఎడ్లను మార్చి మార్చి కట్టి ఊరికి లాక్కొచ్చారు. పుస్తకంలో మొదటి తీర్మానం ఒకే వాక్యం: ‘ఈ మర యే ఒక్కరి సొత్తును కాదు, గింజ గల ప్రతి యింటిదిన్ని.’ నడిపేవాడికి జీతం లేదు. ఆడించిన ప్రతి గంపకూ ఒక దోసెడు పిండి, అంతే. ఆయనవి చిన్న చేతులు. “ఊరు నీ చేతులు కొలిచే నిన్ను పెట్టుకుందయ్యా” అని ఆడవాళ్లు ఆటపట్టిస్తే, “నా చేతులు చిన్నయ్యే, మీ గంపలే పెద్దయ్యి” అనేవాడు.

ఒకే జత రాళ్ల మీద అన్నీ ఆడాలి. కారం ఆడిన రాళ్ల మీద పిండి పోస్తే ఎర్రబడి పాడవుతుంది. అందుకని కారం రోజు ముగియగానే మరను కడగాలనేది ఆనవాయితీ. కడగడమంటే నీళ్లు కాదు. రెండు మానికల నాసిరకం జొన్నలు పోసి ఉత్తగా ఆడించడం. ఆ గింజలు ఇంటికొకరి చొప్పున వంతులవారీగా ఇవ్వాలి. వచ్చిన ఎర్రపిండి ఎవరికీ పనికిరాదు. అయినా ఇవ్వను అన్న ఇల్లు మా ఊళ్లో లేదు. తన పిండి కోసం కాదు, తన తర్వాత వచ్చేవాని పిండి కోసం ఇచ్చే గింజలవి. ఉమ్మడి సొత్తు అంటే ఏమిటో నాకు ఏ చట్టమూ ఇంత తేటగా చెప్పలేదు.

అరుగు మీద గంపలు, డబ్బాలు, మూటలు వచ్చిన వరసలో ఉండేవి. మనుషులు ఇళ్లకు పోయినా వాళ్ల గంప వాళ్ల తరఫున నిలబడేది. ఒక శ్రావణమాసంలో పెద్దింటి ముసలమ్మ వచ్చి వరసలో తన బియ్యం డబ్బాకు ముందు ఎవరిది ఉన్నదో చూసింది. ఊరికి ఎడంగా ఉండే పల్లె నుంచి వచ్చిన ఒకామె జొన్నల మూట అది. అప్పుడే రాళ్ల మీద ఆడి దిగుతున్నది. నేను డీజిలు బిల్లు కాగితం ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

“ఒరేయ్, దానిది అయినాక రెండు మానికలు పోసి కడిగి నాది ఆడు. గింజలు నేనే ఇస్తాలే” అంది ముసలమ్మ.

ఆయన ఇంజను ఆపాడు. మధ్యలో ఇంజను ఆపడం ఆయన ఎన్నడూ చేయని పని. ఆ నిశ్శబ్దంలో ఆయన మామూలు గొంతే ఊరంతటికీ వినిపించింది.

“కారం ఆడినాక కడుగుతా పిన్నమ్మా. మనిషి ఆడించినాక కడగను.”

“ఏందిరా నీ పొగరు? ఈ మర రాళ్లు ఎవురి బండి మీద వచ్చినయ్యో తెలుసా నీకు?”

“మీ బండి మీదే వచ్చినయ్యి. బండికెత్తింది వాళ్ల తాతలు. ఈయన పుస్తకంలో రెండూ ఉండయ్యి, కావాలంటే చదివించుకో” అని నా వైపు చూపించాడు.

ముసలమ్మ డబ్బా ఎత్తించుకుని పోయింది. మూడో రోజున అదే డబ్బా మళ్లీ వరసలో వచ్చి నిలబడింది. ఎవరితో పంపిందో గానీ, ఆమె మాత్రం రాలేదు. ఆయన ఆడించి, తన దోసెడు తీసుకుని, మూత పెట్టి పంపాడు.

అమావాస్య నాడు మర ఆడదు. ఆ రోజు పై రాయిని పక్కకు దొర్లించి, ఉలీ సుత్తీ పట్టుకుని అరిగిన రాళ్లకు కక్కు కొట్టేవాడు. గాట్లు మళ్లీ పదునెక్కితేనే గింజ నలుగుతుంది. ఆ టకటక వినిపిస్తే క్యాలెండరు చూడనక్కర లేదు. “ఖాళీ రాయి రాయిని తింటది. అందుకని గింజ లేకుండా తిప్పగూడదు” అని చెప్పేవాడు.

ఇక ఈ కథలో నా భాగం రాయాలి.

మర పైకప్పు రేకులు తుప్పు పట్టాయి. ఒక మూల గోడ నెమ్ము పట్టి, సున్నం రాలింది. ఇంజనుకు ఒకటి రెండు సామాన్లు కొత్తవి కావాలి. అంతకుమించి లోపం లేదు. మరమ్మతుకు ప్రభుత్వ నిధి అడుగుదామని సంఘం కూర్చుంది. మా ప్రాంతంలో అర్జీకి ఒక పద్ధతి ఉన్నది. పంట సగం పోతే మొత్తం పోయిందని రాస్తాం. కాలు నొప్పి అయితే నడవలేనని రాస్తాం. ఆఫీసువాళ్లు ఎటూ సగానికి కోస్తారు కాబట్టి కష్టాన్ని రెట్టింపు చేసి రాయడమే లౌక్యమని అందరి నమ్మకం. ఆ లౌక్యంతోనే అధ్యక్షుడు చెబుతుండగా నేను రాశాను: ‘గోడలు బీటలు వారి, యంత్రము బొత్తిగా పనికిరాక, ఎప్పుడు కూలునో తెలియని శిథిలావస్థలో ఉన్నది.’ ఇన్నేళ్ల పుస్తకాలలో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

చదివి వినిపించాను. మర నడిపే ఆయన గుమ్మం దగ్గర తుండుతో చెవులు తుడుచుకుంటూ విన్నాడు.

“బావా, పనికిరాక అన్నావే, పొద్దున్నే మీ ఇంటి జొన్నలు ఆడిందెవురు?”

“మామా, అది కాయితం” అని అధ్యక్షుడు నవ్వాడు. “కాయితానికి అట్టానే చెప్పాల. బాగుందంటే ఎవుడిస్తాడు?”

“బతికున్న మొగుడికి సావు కాయితం పుట్టించి పింఛను తెచ్చుకున్నట్టుండాది మీ యవ్వారం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఐదుగురూ సంతకాలు చేశారు. ఆరోది నాది.

నెల తిరక్కుండానే తనిఖీకి ఒక యువ ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. అతను వస్తున్నాడని తెలిసి మా మర మనిషి తెల్లవారే ఇంజను వేశాడు. ఆడవాళ్లను పిలిచి గంపలు పెట్టించాడు. ఇంజనీరు లోపలికి రాగానే గొట్టం కింద నుంచి గోరువెచ్చని జొన్నపిండి తీసి ఆయన అరచేతిలో పోశాడు. ఆ సంబరం చూడవలసిందే. నడిచేదాన్ని చూపిస్తే కాగితాన్ని ఎవరు నమ్ముతారని ఆయన లెక్క.

ఇంజనీరు మాట వినిపించేటంత దూరం గుమ్మం బయటికి వచ్చి, ఆ పిండిని చూశాడు, రెండో చేతిలో ఉన్న మా తీర్మానాన్ని చూశాడు. “ఇది శుభ్రంగా నడుస్తోంది కదండీ? పనికిరాదని రాశారు. నన్నేం రాసుకోమంటారు?”

“ఏదో తంటాలు పడి ఇయ్యాల తిప్పాడండీ. ఎప్పుడాగుద్దో, ఎవురి మీద పడుద్దో తెలవదు” అన్నాడు అధ్యక్షుడు.

ఇంజనీరు నా వైపు తిరిగాడు. “కార్యదర్శి గారూ, రాసింది మీరే కదా. మీరు చెప్పండి.”

అబద్ధం రాశామని ఒప్పుకుంటే ఊరి పరువు పోతుందని ఆ క్షణంలో నాకు తోచింది. ఊరి పరువు అనే మాట వెనుక ఉన్నది నా రాత పరువేనని ఇప్పుడు తెలుసు. “తీర్మానంలో ఉన్నదే వాస్తవం” అన్నాను.

లోపల మర హోరులో ఉన్న మా మర మనిషికి నా మాట వినిపించి ఉండదు. కాని నా పెదవులు చూశాడు. పెదవులు చూసి మాట చదవడం ఆయనకు కష్టం కాదు, జీవితమంతా చేసిన పని అదే. అరచెయ్యి బోర్లించి కిందికి దించాడు. భార్య గుడ్డసంచి ముడి విప్పింది. ఇంజను ఆపి, బెల్టు తన చేత్తోనే జార్చి, మేకుకు తగిలించి బయటికి నడిచాడు.

మరమ్మతు నిధి రాలేదు. ప్రమాదకర భవనమని, ఎవరూ ప్రవేశించరాదని నోటీసు వచ్చింది. చచ్చిందని మేమే రాసి పంపినదానికి మందు ఎవరిస్తారు? పాడె ఇచ్చారు.

ఆ తర్వాత ఊరు మారిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కొన్నాళ్లు ఆటోల్లో గంపలు వేసుకుని పిడుగురాళ్ల పోయారు. తర్వాత అదీ బరువైపోయింది. కళ్లాలలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసుకున్న ఊరు, వంటకు కారం పొట్లాలు కొనుక్కోవడం మొదలుపెట్టింది! ఆయన ఒకరోజు కొట్టు దగ్గర పొట్లం చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తన గొంతుతో అన్నాడు: “మన మిరగాయే పట్నం పోయి, కొత్త చొక్కా తొడుక్కోని, అల్లుడల్లే మళ్లా మనింటికే వచ్చినాడా? రాయ్యా, రా! కాళ్లు కడుక్కో!” కొట్లో ఉన్న పదిమందీ నవ్వారు. నవ్విన పదిమందీ పొట్లాలు కొనుక్కుని పోయారు.

మర తాళంచెవి నా దగ్గర ఉండేది. ప్రతి అమావాస్యకూ ఆయన మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, “బావా, చెవి” అనేవాడు. ఇచ్చేవాణ్ణి. లోపలికి పోయి రాళ్లు తుడిచి, తుప్పు పట్టకుండా ఇంజనుకు నూనె పోసి, దాని చక్రం చేత్తో నాలుగు చుట్లు తిప్పి, మధ్యాహ్నానికి తాళంచెవి తెచ్చి ఇచ్చేవాడు. ఇన్నేళ్లలో ఒక్క అమావాస్య తప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ తనిఖీ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆఖరిసారి వచ్చినప్పుడు మాత్రం, తాళంచెవి నా చేతిలో పెట్టి, అది వదలకుండా కాసేపు పట్టుకుని అన్నాడు: “రాయి బాగుంది బావా. పోస్తే ఆడుద్ది.”

అది అభ్యర్థన అని నాకు అప్పుడు తట్టలేదు. ఆయన వెళ్లిన పన్నెండో రోజున పోయాడు.

పెద్దకర్మ మరునాడు సంఘం కూర్చుంది. స్మారక భవనం తీర్మానం కోసం అందరూ నా చేతుల వైపు చూశారు. నేను రాసుకుని వెళ్లింది చదివాను: ‘మర శిథిలమైనదని, యంత్రము పనికిరాదని ఈ సంఘము లోగడ చేసిన తీర్మానము అసత్యము. తనిఖీ నాడు మర నడుచుచుండెను. అది మేము కళ్లారా చూచితిమి. తెలిసియే వ్రాసితిమి. ఇప్పటికిని మర ఆడుటకు యోగ్యముగా ఉన్నది. కావున కూల్చరాదనియు, మరల తనిఖీ చేసి తెరువవలెననియు కోరుచున్నాము.’

“బాబాయ్, ఇది పైకి పోతే నీ మెడకే చుట్టుకుంటది. తప్పుడు రాత రాసినోడివి నువ్వవుతావు” అన్నాడు అధ్యక్షుడు.

“ఎప్పుడో అయ్యాను గదరా. కొత్తగా అయ్యేదేముంది?”

“మరి మమ్మల్ని లాగుతావెందుకు?”

“లాగడమేంది? మీ సంతకాలు మీరే చేశారు. ఇదిగో చూసుకో, నీది అందరికన్నా పెద్దది.”

ఒక సభ్యుడికి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన సంగతి గుర్తుకొచ్చింది. ఇంకొకరికి పొలంలో మోటారు కట్టేయాలట. మూడో ఆయన లేస్తూ లేస్తూ, “అంతా బాగానే ఉందయ్యా, ఇప్పుడు తెరిస్తే మర నడిపేదెవురు?” అన్నాడు. నడిపేవాడు బతికున్నన్నాళ్లూ ఆపి ఉంచి, పోయిన తర్వాత నడిపేదెవరని అడిగే నోటికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య వసారాలో కూర్చుని ఉన్నది. రాసింది అంతా చదివి వినిపించాను.

“ఆయనుండగా చెప్పాల్సిన మాట అన్నయ్యా ఇది” అంది.

కాగితం మడిచి లేవబోయాను.

“కక్కు కొట్టడం నాకు రాదు. మర ఆడించడం వచ్చు. అది కూడా రాసుకో.”

రాసుకున్నాను. తీర్మానం కింద ఆరు గీతలు గీశాను. మొదటి గీత మీద నా సంతకం ఉన్నది. మిగిలిన ఐదు గీతల కిందా ఐదు పేర్లు, తండ్రి పేర్లతో సహా, గుండ్రంగా రాశాను. వారం గడువని అందరికీ కబురు చేశాను. అప్పటి నుంచి పుస్తకం, పెన్ను మా వీధి అరుగు మీద పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఉంటున్నాయి. సభ్యులు ఐదుగురూ ఇప్పుడు వెనక సందు గుండా తిరుగుతున్నారు.

ఇవాళ్టితో గడువు సరి. రేపు మొదటి బస్సుకు ఆఫీసుకు పోతున్నాను. సంతకాలు పడితే అది ఆరుగురి మాట. పడకపోతే ఆ కాగితం ఖాళీ గీతలతోనే పోతుంది. ఏ గీతను ఎవరు ఖాళీగా వదిలారో ఆఫీసువాళ్లు నన్ను అడగనక్కర లేదు. కింద పేరు ఉన్నది.